ఇడుపు కాయితం మీద సంతకం పెట్టే ముందు: రక్షణ, మనోవర్తి, పిల్లలు, విడాకులకు ఏ వరుసలో వెళ్లాలి

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో భార్యాభర్తల తగాదా ముదిరితే కోర్టు కంటే ముందు పంచాయితీ కూర్చుంటుంది. ఇరువైపుల పెద్దమనుషులు వస్తారు, పెట్టిన కట్నం, పోయిన బంగారం, పిల్లల సంగతి మాట్లాడతారు, పొద్దుగూకే సరికి వంద రూపాయల బాండ్ పేపర్ మీద ఇడుపు కాయితం (విడిపోతున్నామని రాసుకునే ఒప్పందం) రాసి ఇద్దరి చేత సంతకాలు పెట్టిస్తారు. ఆ సంతకం ఇంకా పెట్టని మహిళ కోసం, ఆమెకు తోడుగా నిలబడే తల్లిదండ్రులు, అన్నదమ్ముల కోసం ఈ వివరాలు రాస్తున్నాను. విడాకులు తీసుకుంటే తప్ప రక్షణ దొరకదని, ఖర్చులకు డబ్బు రాదని, పిల్లలు దక్కరని చాలామంది నమ్ముతున్నారు, కానీ అది నిజం కాదు. రక్షణ ఉత్తర్వుకు, మనోవర్తికి (భార్యాపిల్లల పోషణ ఖర్చులకు), పిల్లల సంరక్షణకు, విడాకులకు చట్టంలో వేర్వేరు దరఖాస్తులు ఉన్నాయి. మొదటి మూడింటినీ పెళ్లి బంధం నిలిచి ఉండగానే కోరవచ్చు, చాలా సందర్భాల్లో అలా కోరడమే మేలు.

మొదటి పని: సంతకం ఆపడం

హిందూ వివాహ చట్టం, 1955 కింద జరిగిన పెళ్లి కోర్టు డిక్రీతోనే రద్దవుతుంది. కులాచారం ప్రకారం తెగదెంపులు చేసుకునే పద్ధతిని ఆ చట్టంలోని 29వ సెక్షన్ కాపాడుతుంది. అయితే అటువంటి ఆచారం తమ కులంలో ఎన్నో ఏళ్లుగా, ఎడతెగకుండా ఉన్నదని కోర్టులో నిరూపించవలసిన భారం ఆచారం ఉన్నదని చెప్పే వారి మీదే ఉంటుంది, అది తేలికగా తేలే విషయం కాదు. ఆ నిరూపణ లేనంత కాలం బాండ్ పేపర్ రాసుకున్న ఇద్దరూ చట్టం దృష్టిలో భార్యాభర్తలే. దాన్ని నమ్ముకొని ఎవరైనా మరో పెళ్లి చేసుకుంటే ఆ రెండో పెళ్లి చెల్లదు, పైగా భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద నేరం కూడా అవుతుంది.

అంతకంటే పెద్ద నష్టం ఆ కాగితంలోని ఒక వాక్యంలో ఉంటుంది. 'మేమిద్దరం పరస్పర అంగీకారంతో వేరుగా ఉంటున్నాము, ఒకరిపై ఒకరికి ఎటువంటి హక్కులూ లేవు' అని దాదాపు ప్రతి కాగితంలోనూ రాస్తారు. మనోవర్తి ఇప్పించే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ మాత్రం, ఇద్దరూ ఒప్పుకొని వేరుగా ఉంటున్న భార్యకు మనోవర్తి రాదని చెబుతున్నది. దెబ్బలు భరించలేక తల్లిగారింటికి వచ్చిన మహిళ ఈ వాక్యం కింద సంతకం పెడితే, తాను ఇష్టపడి వేరుగా ఉంటున్నానని స్వయంగా రాసి ఇచ్చినట్లవుతుంది, రేపు కోర్టులో అవతలి వకీలు మొదట చూపించేది ఆ కాగితాన్నే. చదువు రాని వారి చేత, చదివి వినిపించకుండా వేలిముద్ర వేయించడం మరీ అన్యాయం. ఇంట్లో ఎవరు ఎంత ఒత్తిడి పెట్టినా, వకీలుకు చూపించి వస్తానని చెప్పి లేచి వచ్చే హక్కు మీకు ఉన్నది.

ఇప్పటికే సంతకం పెట్టి ఉంటే దాచుకోకుండా ఆ కాగితం నకలు తీసుకొని వకీలుకు ఇవ్వండి. బలవంతంగా రాయించారని, మీ చేతికి డబ్బేమీ రాలేదని చెప్పుకునే అవకాశం ఉంటుంది. తల్లి ఏం రాసి ఇచ్చినా, తండ్రి నుంచి మనోవర్తి పొందే పిల్లల హక్కు ఆ కాగితంతో పోదు.

పెద్దమనుషుల ముందు కూర్చోవడమే తప్పు అని నా ఉద్దేశం కాదు. బంగారం, సామాను తిరిగి ఇప్పించడంలో, మాటలు కలిపించడంలో వారి సహాయం చాలా ఇళ్లను నిలబెట్టింది. అక్కడ డబ్బు, వస్తువుల విషయంలో ఒప్పందం కుదిరితే దాన్ని బాండ్ పేపర్ మీద కాకుండా లోక్ అదాలత్‌లో నమోదు చేయించండి. లోక్ అదాలత్ అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది.

ప్రాణభయం ఉన్న రాత్రి ఏం చేయాలి

112కు గానీ, మహిళా హెల్ప్‌లైన్ 181కి గానీ ఫోన్ చేయండి. పిల్లలకు ప్రమాదం ఉంటే 1098 కూడా ఉన్నది. జిల్లా కేంద్రాల్లోని సఖి కేంద్రంలో వైద్యం, పోలీసు సహాయం, న్యాయ సలహా, కొన్ని రోజుల వసతి ఒకే చోట ఉచితంగా దొరుకుతాయి. దెబ్బలు తగిలితే ముందు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి, జారి పడ్డానని చెప్పకుండా, ఎవరు దేనితో ఎక్కడ కొట్టారో డాక్టరుకు ఉన్నది ఉన్నట్లు చెప్పండి. సిగ్గుపడి ఆ రోజు చెప్పిన అబద్ధం ఓపీ చీటీలో నమోదై, ఆరు నెలల తర్వాత మీ మాటకే ఎదురు నిలుస్తుంది. గాయాలను తేదీ కనిపించేటట్లు ఫోటోలు తీసి, తోబుట్టువు ఫోనుకు కూడా పంపి ఉంచండి, ఎందుకంటే గొడవలో మొదట పగిలేది మీ ఫోనే కావచ్చు.

ఏ కాగితాలు దగ్గర పెట్టుకోవాలి

పెళ్లి జరిగిందని చూపడానికి రిజిస్ట్రేషన్ పత్రం ఉంటే సరే, లేకపోతే పెళ్లి పత్రిక, ఫోటోలు, ఇద్దరి పేర్లూ ఉన్న రేషన్ కార్డు పనికివస్తాయి. కల్యాణలక్ష్మి లేదా షాదీ ముబారక్ కోసం దరఖాస్తు చేసి ఉంటే, అందులో పెళ్లి తేదీ, వరుడి వివరాలు, ఫోటో ఉంటాయి కనుక ఆ నకలు తెచ్చుకోండి. పిల్లల జనన ధృవపత్రాలు, బడి బోనఫైడ్, అందరి ఆధార్ నకళ్లు కావాలి. తల్లిగారు పెట్టిన బంగారం ఎన్ని తులాలో, ఏ నగ ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నదో ఒక జాబితా రాయండి, కొన్న రశీదులు దొరికితే జతచేయండి.

భర్త ఆదాయానికి ఆధారాలు వెతకడంలో మనవాళ్లు వెనుకబడతారు, మనోవర్తి మొత్తం తేలేది మాత్రం అక్కడే. జీతం చీటీ లేని వారికి కూడా ఆదాయపు గుర్తులు ఉంటాయి: పట్టాదారు పాసుబుక్కు, సర్వే నంబర్లు, కొనుగోలు కేంద్రంలో వడ్లు అమ్మిన రశీదు, ట్రాక్టరు లేదా ఆటో రిజిస్ట్రేషన్ నంబరు, అద్దెకు ఇచ్చిన మడిగె ఫోటో. వీటిలో రెండు మూడు ఉన్నా, 'నాకు కూలి తప్ప వేరే ఆదాయం లేదు' అన్న వాదన బలహీనపడుతుంది.

వకీలు ఫీజు గురించి భయపడవద్దు. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987 లోని 12వ సెక్షన్ ప్రకారం ప్రతి మహిళకూ, ఆదాయం ఎంత ఉన్నా, ఉచితంగా వకీలును ఇవ్వాలి. షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి కూడా ఇదే హక్కు ఉన్నది. జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయంలో దరఖాస్తు రాసి ఇవ్వవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు. 2022 జూన్ నుంచి కొత్త జిల్లాలకు కూడా సొంత జిల్లా కోర్టులు వచ్చాయి. కనుక వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల, నారాయణపేట వారు మహబూబ్‌నగర్ దాకా, సూర్యాపేట, భువనగిరి వారు నల్లగొండ దాకా పోవలసిన అవసరం తగ్గింది.

రక్షణ ఉత్తర్వుకు దరఖాస్తు

గృహ హింస నుంచి మహిళల రక్షణ చట్టం, 2005 ఏ మతం వారికైనా, ఏ తెగ వారికైనా వర్తిస్తుంది. భార్య మాత్రమే కాక, పెళ్లి కాకుండా భార్యాభర్తల వలె కలిసి బతికిన మహిళ, అదే ఇంట్లో ఉన్న తల్లి, చెల్లెలు, భర్త పోయిన కోడలు కూడా దీని కింద అడగవచ్చు. కొట్టడం ఒక్కటే హింస కాదు. తిట్టి అవమానించడం, ఇంటి ఖర్చుకు డబ్బు ఇవ్వకపోవడం, మీ ఉపాధి హామీ కూలిని గానీ, మహిళా సంఘం నుంచి తెచ్చిన లోనును గానీ గుంజుకోవడం, బంగారం అమ్ముకోవడం కూడా ఈ చట్టం దృష్టిలో హింసే.

దరఖాస్తు ఎక్కడ వేయాలన్నది చాలామందిని ఆపే ప్రశ్న. భర్త పని కోసం ముంబయి, పుణె, హైదరాబాద్ వలస పోయి ఉండవచ్చు, అత్తగారిల్లు మరో జిల్లాలో ఉండవచ్చు. ఈ చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం మీరు తాత్కాలికంగా ఉంటున్న చోటి మేజిస్ట్రేట్ కోర్టులో కూడా దరఖాస్తు వేయవచ్చు. అంటే దెబ్బలు తిన్నది పుణెలో అయినా, ఇప్పుడు తల్లిగారింట్లో ఉంటే దేవరకొండలోనో, అచ్చంపేటలోనో, కల్వకుర్తిలోనో వేసుకోవచ్చు. నేరుగా కోర్టుకు వెళ్లవచ్చు, లేదా మహిళా శిశు సంక్షేమ శాఖ వైపు నుంచి పనిచేసే ప్రొటెక్షన్ ఆఫీసరు దగ్గరికి వెళితే ఆయన గృహ హింస నివేదిక తయారు చేసి కోర్టుకు పంపుతారు. ఆ నివేదికలో ఏం రాశారో చదివించుకొని, నకలు తీసుకొని, ఆ తర్వాతే సంతకం పెట్టండి.

ఆ నివేదికలోనూ, దరఖాస్తులోనూ జరిగిన సంగతి రాసే తీరు మీదే సగం కేసు ఆధారపడి ఉంటుంది. 'నా భర్త, అత్త నన్ను నిత్యం శారీరకంగా, మానసికంగా హింసిస్తున్నారు' అని రాస్తే అది ఎవరికైనా సరిపోయే మాట, దాన్ని బట్టి మేజిస్ట్రేట్‌కు మీ ఇంట్లో ఏం జరిగిందో తెలియదు. ఇలా రాయించండి: 'మార్చి 9, ఆదివారం రాత్రి సుమారు తొమ్మిది గంటలకు నా భర్త తాగి వచ్చి, తల్లిగారింటి నుంచి రెండు లక్షలు తెమ్మని అడిగాడు. మా నాయన దగ్గర లేవన్నందుకు నా కుడిచెయ్యి మెలిపెట్టి వంటింటి గోడకు నెట్టాడు. మా అత్త బయటి తలుపు గొళ్లెం పెట్టింది. అరుపులు విని పక్కింటివారు వచ్చి తలుపు తీయించారు. మరునాడు పొద్దున ప్రభుత్వాసుపత్రికి వెళ్లాను, ఓపీ చీటీ జతచేశాను.' ఇటువంటివి మూడు నాలుగు సంఘటనలు, మొదటిది, అన్నిటికంటే తీవ్రమైనది, చివరిది తప్పకుండా ఉండేటట్లు రాస్తే చాలు. తేదీ గుర్తులేకపోతే ఊహించి వేయకుండా, బతుకమ్మ పండుగకు నాలుగు రోజుల ముందు అనో, చిన్నవాడికి మూడో నెలలో అనో నిజంగా గుర్తున్న దాన్ని పట్టుకొని రాయించండి.

ఏమేమి కోరుతున్నారో కూడా విడివిడిగా రాయాలి, ఎందుకంటే అడగనిది కోర్టు తనంతట తాను ఇవ్వడం అరుదు. 18వ సెక్షన్ కింద భర్త మీ మీద చెయ్యి చేసుకోకుండా, మీరు పనిచేసే చోటికి, పిల్లల బడికి రాకుండా, ఫోన్లు చేసి వేధించకుండా ఉత్తర్వు కోరవచ్చు. 19వ సెక్షన్ కింద ఇంటి నుంచి వెళ్లగొట్టకుండా గానీ, వేరే ఇంటి కిరాయి కట్టేటట్లు గానీ కోరవచ్చు, మీ నగలు, పెట్టుపోతల సామాను తిరిగి ఇప్పించమని కూడా ఇక్కడే అడగాలి. ఇల్లు అత్తమామల పేరున ఉన్నదని, కోడలికి అందులో నిలిచే హక్కే లేదని చెప్పే మాట 2020లో సుప్రీంకోర్టు సతీష్ చందర్ అహుజా కేసులో ఇచ్చిన తీర్పు తర్వాత చెల్లదు. మీరు కాపురం చేసిన ఉమ్మడి ఇల్లు ఎవరి పేరున ఉన్నా నివాస హక్కు అడగవచ్చు, పరిస్థితులను బట్టి కోర్టు అదే ఇల్లు గానీ, వేరే వసతి గానీ ఇప్పిస్తుంది. 20వ సెక్షన్ కింద ఖర్చులు, 21 కింద పిల్లల తాత్కాలిక సంరక్షణ, 22 కింద నష్టపరిహారం కోరవచ్చు.

మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లోపు ఉండాలని, మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లో కేసు తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. ఆచరణలో నెలలు గడుస్తాయి కాబట్టే, ప్రధాన దరఖాస్తుతో పాటు 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు (కేసు తేలే దాకా అమలులో ఉండేది) కోసం అఫిడవిట్ (ప్రమాణ పత్రం) వేయించడం మరిచిపోకూడదు. ప్రమాదం కళ్లముందే ఉన్నదని అఫిడవిట్‌లో చూపిస్తే భర్త రాకముందే కోర్టు ఏకపక్షంగా ఉత్తర్వు ఇవ్వగలదు. మొదటి వాయిదా నాడు వకీలును మీరే అడగండి: మధ్యంతర దరఖాస్తు వేశారా, ఈ రోజు దాని మీద మాట్లాడతారా?

మనోవర్తి

గృహ హింస కేసులో ఖర్చులు అడిగినా, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద విడిగా మనోవర్తి కూడా వేయవచ్చు. 2024 జులై 1కి ముందు దీన్నే 125 సెక్షన్ అనేవారు, పాత పేరుతో అడిగినా కోర్టు దగ్గర అందరికీ అర్థమవుతుంది. ఒక చోట వచ్చే డబ్బును రెండో చోట లెక్కలోకి తీసుకుంటారు కనుక, మొదటి ఉత్తర్వును దాచకుండా చెప్పాలి. 2020 నవంబరులో రజనీష్, నేహా కేసులో సుప్రీంకోర్టు రెండు ముఖ్యమైన నియమాలు పెట్టింది. భార్యాభర్తలిద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయం తెలిపే అఫిడవిట్ వేయాలి. మనోవర్తిని దరఖాస్తు వేసిన తేదీ నుంచి లెక్కకట్టాలి. అందువల్ల, సంధి కుదురుతుందేమోనని ఏడాది ఎదురుచూసిన మహిళ సాధారణంగా ఆ ఏడాది డబ్బును పోగొట్టుకున్నట్టే. కేసు వేసిన తర్వాత కూడా రాజీకి తలుపు మూసుకుపోదు కాబట్టి, ముందు దరఖాస్తు వేసి ఆ తర్వాత మాట్లాడుకోవడం మేలని నా అభిప్రాయం.

విడాకులైన ముస్లిం మహిళకు ఈ సెక్షన్ వర్తించదన్న వాదనను 2024 జులై 10న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఆ కేసు మన తెలంగాణ నుంచి వెళ్లినదే.

పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు

అయిదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం, 1956 చెబుతున్నది. అయిదేళ్లు నిండిన నాడు బిడ్డ తండ్రికి పోతుందని దీనికి అర్థం కాదు, ఆ మాట చెప్పి తల్లులను భయపెట్టే వారు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఏ వయసులోనైనా కోర్టు చూసేది బిడ్డ క్షేమమే: ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నది, బడి ఎక్కడ, జ్వరమొస్తే చూసుకునేది ఎవరు, ఇంట్లో తాగుడు, కొట్లాట ఉన్నాయా. తల్లికి సంపాదన లేకపోవడం ఒక్కటే బిడ్డను తీసివేయడానికి కారణం కాదు, ఎందుకంటే ఆ ఖర్చు తండ్రి చేత ఇప్పించవచ్చు. కొంచెం ఊహ తెలిసిన బిడ్డతో జడ్జి విడిగా మాట్లాడి ఇష్టం తెలుసుకోవచ్చు. బిడ్డకు మాటలు నేర్పి పంపకండి, జడ్జిలు దాన్ని వెంటనే పసిగడతారు, బిడ్డ మనసు మీద ఆ బరువు మిగిలిపోతుంది.

శాశ్వత సంరక్షణ కోసం గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, 1890 కింద, బిడ్డ మామూలుగా నివసించే చోటి ఫ్యామిలీ కోర్టులో, అది లేని చోట జిల్లా కోర్టులో వేయాలి. తండ్రి బిడ్డను దసరా సెలవులకు తీసుకుపోయి తిరిగి పంపకపోతే, వారాలు లెక్కపెట్టకుండా వెంటనే వకీలును కలవండి. ఆలస్యమైన కొద్దీ బిడ్డ కొత్త చోట, కొత్త బడిలో స్థిరపడిందన్న వాదన బలపడుతుంది.

తండ్రికి బిడ్డను చూసే హక్కును, ప్రమాదం లేనప్పుడు, అడ్డుకోవడం ధర్మం కాదు, కోర్టులో మీకు మేలు కూడా చేయదు. కానీ ఏర్పాటు స్పష్టంగా ఉండాలి. 'తండ్రి అప్పుడప్పుడు చూడవచ్చు' అన్న ఉత్తర్వు ప్రతి నెలా కొత్త గొడవ తెస్తుంది. 'ప్రతి నెల రెండో, నాలుగో ఆదివారం ఉదయం 10 గంటలకు తండ్రి అమ్మమ్మ గారి ఇంటి నుంచి తీసుకువెళ్లి, సాయంత్రం 5 గంటలకు అక్కడే అప్పగించాలి. దసరా సెలవుల్లో మొదటి సగం తల్లి వద్ద, రెండో సగం తండ్రి వద్ద. రాలేకపోతే ముందు రోజే ఫోన్ చేయాలి' అన్నంత వివరంగా రాయించండి. పరిస్థితులు మారితే సంరక్షణ ఉత్తర్వును మార్చమని ఎప్పుడైనా అడగవచ్చు.

విడాకులు

పెళ్లయిన ఏడాదిలోపు, అసాధారణ కష్టం ఉంటే తప్ప, హిందూ వివాహ చట్టం కింద విడాకుల పిటిషన్ వేయలేరు. భార్య తాను ఇప్పుడు ఉంటున్న చోటే వేయవచ్చు. ఇద్దరూ ఒప్పుకొని 13బి సెక్షన్ కింద వేయాలంటే ఏడాదిగా వేరుగా ఉండి ఉండాలి. పిటిషన్ వేసేటప్పుడు చెప్పే మొదటి అంగీకారానికీ, ఆ తర్వాత కోర్టులో చెప్పే రెండో దానికీ మధ్య ఆరు నెలల గడువు ఉంటుంది, రాజీకి ఇక అవకాశం లేదని తేలితే ఆ గడువును కోర్టు తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. డిక్రీ వచ్చే దాకా ఎవరైనా వెనక్కి తగ్గవచ్చు కాబట్టి, ఒప్పుకున్న డబ్బులో ఎంత ఎప్పుడు చేతికి వస్తుందో పిటిషన్‌లోనే ఉండాలి, చివరి భాగం రెండో అంగీకారం నాడే డీడీగా అందాలి. ఒప్పుకోని చోట క్రూరత్వం, రెండేళ్ల పరిత్యాగం వంటి కారణాలు నిరూపించాలి, అందుకు సంవత్సరాలు పట్టవచ్చు. ఈ లోపు ఖర్చులకు 24వ సెక్షన్ కింద అడగండి.

మరికొందరి దారి వేరుగా ఉంటుంది. హిందూ వివాహ చట్టం షెడ్యూల్డ్ తెగలకు నేరుగా వర్తించదు. కాబట్టి తండాల్లోని లంబాడా కుటుంబాలు, నల్లమలలోని చెంచు కుటుంబాలు పెళ్లి ఏ పద్ధతిలో జరిగిందో, తమ ఆచారం ఏమిటో వకీలుకు మొదటే చెప్పాలి. ఆచారం ప్రకారం విడిపోయిన వారు ఆ సంగతిని కోర్టు ద్వారా ప్రకటింపజేసుకోవడం మంచిది. పద్దెనిమిదేళ్లు నిండకముందే పెళ్లి చేసిన అమ్మాయి, తనకు ఇరవై ఏళ్లు నిండేలోపు, బాల్యవివాహ నిషేధ చట్టం, 2006 కింద ఆ పెళ్లినే రద్దు చేయమని అడగవచ్చు, అప్పుడు విడాకుల అవసరమే ఉండదు. ముస్లిం మహిళలకు 1939 నాటి చట్టం కింద కోర్టు ద్వారా, లేదా ఖులా (భార్య తానే కోరి విడిపోయే పద్ధతి) ద్వారా విడిపోయే హక్కు ఉన్నది. ఖులాకు భర్త అనుమతి అవసరం లేదని 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు తీర్పు ఇచ్చింది. ఒకేసారి మూడుసార్లు తలాక్ చెప్పడం 2019 చట్టం ప్రకారం చెల్లదు, అది నేరం కూడా.

ఉత్తర్వు చేతికి వచ్చాక

గృహ హింస కేసులో ఉత్తర్వు నకలు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. ఒక నకలు మీ పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి, ముట్టినట్లు మీ నకలు మీద ముద్ర వేయించుకోండి. మరో నకలు బడి ప్రధానోపాధ్యాయులకు ఇవ్వండి. రక్షణ ఉత్తర్వును భర్త మీరితే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, 20 వేల రూపాయల దాకా జరిమానా పడవచ్చు, అది బెయిలు హక్కుగా దొరకని నేరం. గేటు దగ్గరికి వచ్చి అరిచినా, ఫోన్లో బెదిరించినా తేదీ, సమయం రాసి ఉంచి అదే రోజు ఫిర్యాదు చేయండి. ఉత్తర్వు నచ్చకపోతే 30 రోజుల్లో సెషన్స్ కోర్టుకు అప్పీలు వేయాలి.

మనోవర్తి డబ్బు చేతికి కాకుండా బ్యాంకు ఖాతాకే రావాలని ఉత్తర్వులో రాయించండి, అప్పుడు ఇచ్చాననీ ఇవ్వలేదనీ వాదన ఉండదు. 144 సెక్షన్ కింద వచ్చిన ఉత్తర్వులో బకాయి పడితే, ఆ డబ్బు ఇవ్వవలసిన తేదీ నుంచి ఏడాదిలోపే వారంటు కోసం దరఖాస్తు వేయాలి. కాబట్టి రెండు మూడు నెలల డబ్బు బకాయి పడగానే వేయడం అలవాటు చేసుకోండి. కేసు నంబరుతో పాటు ప్రతి కేసుకూ కోర్టు విడిగా ఇచ్చే, పదహారు అక్షరాలు, అంకెలు కలిసిన సీఎన్ఆర్ నంబరును కూడా రాసి పెట్టుకుంటే, ఈకోర్ట్స్ యాప్‌లో తర్వాతి వాయిదా ఎప్పుడో ఇంటి దగ్గరే చూసుకోవచ్చు.